టికెట్ వెళ్లదు, దాని వివరాలే వెళ్తాయి: జావా వెబ్ సర్వీసుల్లో సొంత ఆబ్జెక్టుల సంగతి

జావాలో వెబ్ సర్వీస్ (నెట్‌వర్క్ మీదుగా వేరే ప్రోగ్రామ్ పిలిచి వాడుకునే ప్రోగ్రామ్) నేర్చుకునేవాళ్లు మొట్టమొదట రాసేది రెండు అంకెల్ని కూడే మెథడ్. రెండోది, పేరు పంపితే 'హలో' అని తిరిగి పలికే మెథడ్. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి ఆన్‌లైన్ వీడియోల దాకా ఈ వరుస పెద్దగా మారదు. రెండూ మొదటిసారే పనిచేస్తాయి. అంకె అంటే ఏమిటో, స్ట్రింగ్ అంటే ఏమిటో అవతలి ప్రోగ్రామ్‌కి ముందే తెలుసు కదా. ఉద్యోగంలో చేరాక అడిగేది మాత్రం వేరే. బస్ టికెట్ బుక్ చేసే సర్వీస్ రాయాలి. దానికి 'ప్రయాణికుడు' అనే ఆబ్జెక్ట్ పంపాలి, అది 'టికెట్' అనే ఆబ్జెక్ట్ తిరిగి ఇవ్వాలి. ఈ రెండు క్లాసులూ జావాతో వచ్చినవి కావు, టీమ్ సొంతంగా రాసుకున్నవి. మెథడ్ రాసే తీరు అదే, కంపైల్ కూడా అవుతుంది. తీరా నడిపితే ఒకసారి ఎర్రర్ వస్తుంది, ఒకసారి సగం ఫీల్డులు ఖాళీగా వస్తాయి, ఇంకోసారి పుట్టినతేదీ ఒకరోజు వెనక్కి జరిగి వస్తుంది.

ఈ మూడు తంటాలకీ మూలం ఒకటే. మెథడ్‌ని చూస్తే ఆబ్జెక్ట్ ఇటునుంచి అటు వెళ్తున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఏ ఆబ్జెక్టూ ఎక్కడికీ వెళ్లదు. ఇది పెళ్లిసంబంధానికి బయోడేటా పంపడం లాంటి వ్యవహారం. అమ్మాయి ఇంట్లోనే ఉంటుంది. ఎత్తు, చదువు, గోత్రం, నక్షత్రం రాసిన కాగితం వెళ్తుంది. చదివినవాళ్లు తమ మనసులో ఒక అమ్మాయిని ఊహించుకుంటారు. కాగితంలో రాయనిది వాళ్లకి తెలీదు. రాసినదాన్ని కూడా ఇంకోలా అర్థం చేసుకోవచ్చు. టికెట్ ఆబ్జెక్టుకీ అంతే: ఇటువైపు దాని వివరాలు ఒక కాగితం మీదికి ఎక్కుతాయి, అటువైపు ఆ కాగితం చూసి ఇంకో టికెట్ పుడుతుంది.

ఆబ్జెక్టుని ఆబ్జెక్టుగానే పంపే ఏర్పాటు జావాలో ముందునుంచీ ఉంది. 1997లో జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) 1.1తో వచ్చిన ఆర్‌ఎంఐ (రిమోట్ మెథడ్ ఇన్వొకేషన్) ఆ పని చేసింది. అటూ ఇటూ జావాయే కాబట్టి ఆబ్జెక్ట్ బైట్లుగా మారి అవతల అదే క్లాసుగా మళ్లీ లేచి నిలబడేది. అవతల ఆ క్లాస్ కోడ్ లేకపోతే నెట్‌వర్క్ మీదుగా తెప్పించుకునే వీలు కూడా ఉండేది. వెబ్ సర్వీసుల ఉద్దేశం వేరు. ఎక్స్ఎంఎల్ మెసేజ్‌లు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి సోప్ 1.1, వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ నోట్‌గా 2000లో వచ్చింది. అవతల డాట్‌నెట్ ఉండొచ్చు, పీహెచ్‌పీ ఉండొచ్చు, ఇంకేదైనా ఉండొచ్చు. జావా క్లాస్ వాళ్లకి ఎందుకూ పనికిరాదు. అందరూ చదవగలిగేది టెక్స్ట్ ఒక్కటే.

అయినా ఆర్‌ఎంఐ కాలపు అలవాటు ఒకటి ఇప్పటికీ పోలేదు. వెబ్ సర్వీస్‌కి వాడే ప్రతి క్లాసుకీ సీరియలైజబుల్ (ఆబ్జెక్టుని బైట్లుగా మార్చొచ్చని జావాకి చెప్పే గుర్తు) తగిలించడం. ఆబ్జెక్టుని ఎక్స్ఎంఎల్‌గా మార్చే జాక్స్‌బీ లైబ్రరీకి గానీ, జేసన్ అనే ఇంకో టెక్స్ట్ రూపంలోకి మార్చే జాక్సన్ లైబ్రరీకి గానీ దాని అవసరమే లేదు. ఉంటే నష్టమూ లేదు, కానీ 'ఎర్రర్ వచ్చింది, సీరియలైజబుల్ పెట్టి చూడు' అనే సలహా వల్ల పోయిన గంటలు తక్కువేమీ కావు.

కాగితం మీద ఏముంటుందో ఒకసారి దగ్గరగా చూడాలి. జావా పేర్లలోనూ, ఎక్స్ఎంఎల్ ట్యాగుల్లోనూ తెలుగు అక్షరాలు చెల్లుతాయి. ఆఫీసుల్లో ఎవరూ అలా రాయరు గానీ, ఇక్కడ అదే వీలు:

<టికెట్>
  <నంబర్>4471</నంబర్>
  <ఛార్జీ>850.00</ఛార్జీ>
  <ప్రయాణికుడు>
    <పేరు>సుజాత</పేరు>
    <పుట్టినతేదీ>1990-08-15</పుట్టినతేదీ>
  </ప్రయాణికుడు>
</టికెట్>

ఇందులో లేనివేమిటో గమనించాలి. టికెట్ క్లాసులో 'రద్దు చెయ్యి' అనే మెథడ్ ఉండి ఉంటే అది ఇక్కడ లేదు. ఛార్జీ బిగ్‌డెసిమలా, డబులా అన్నది లేదు. సుజాత పేరు మీద ఇంకో టికెట్ ఉండి, సర్వర్‌లో ఆ రెండు టికెట్లూ ఒకే ప్రయాణికుడి ఆబ్జెక్టుని చూపిస్తున్నా, ఆ సంగతి ఇక్కడ లేదు. రెండు టికెట్లూ కలిపి పంపితే అవతల ఇద్దరు సుజాతలు తయారవుతారు. ఒకరి ఫోన్ నంబర్ మారిస్తే రెండోవారిది మారదు.

మ్యాపింగ్ రాసిన రోజులు, రాయక్కర్లేని రోజులు

2000 తర్వాతి తొలి ఏళ్లలో అపాచీ యాక్సిస్ అనే సోప్ టూల్‌కిట్ మీద పనిచేసినవాళ్లకి ఈ మార్పిడి అంతా కళ్లముందే జరిగేది. డిప్లాయ్‌మెంట్ ఫైల్లో ప్రతి సొంత క్లాసుకీ ఒక బీన్ మ్యాపింగ్ లైను రాయాలి: ఫలానా ఎక్స్ఎంఎల్ పేరు అంటే ఫలానా జావా క్లాస్ అని. క్లయింట్‌లో కూడా కాల్ చేసే ముందు అదే క్లాసుని మళ్లీ రిజిస్టర్ చేయాలి. ఒక్కటి మరిచిపోతే 'ఈ టైపుకి డీసీరియలైజర్ లేదు' అనే అర్థం వచ్చే ఎర్రర్. చాకిరీ ఎక్కువే, కానీ ఆ చాకిరీలో ఒక నిజాయితీ ఉండేది. ఆబ్జెక్ట్ ఊరికే వెళ్లడం లేదని, ఎవరో ఒకరు అనువాదం చేస్తున్నారని ప్రతి లైనూ గుర్తుచేసేది.

2006లో జావా ఈఈ 5 (సంస్థల సర్వర్ల కోసం తయారైన జావా)తో జాక్స్-డబ్ల్యూఎస్ అనే వెబ్ సర్వీసుల ఏర్పాటు వచ్చింది. ఆ ఏడాది డిసెంబర్లో జావా ఎస్ఈ 6 వచ్చేసరికి అది మామూలు జేడీకేలోనే భాగమైంది. క్లాస్ మీద వెబ్ సర్వీస్ అనే అనోటేషన్ (కోడ్ మీద అంటించే చీటీ) పెట్టి, ఎండ్‌పాయింట్ పబ్లిష్ అని ఒక్క లైను రాస్తే సర్వీస్ లేచి కూర్చుంటుంది. అనువాదం జాక్స్‌బీ చూసుకుంటుంది. పని తేలికైంది, అనువాదకుడు మాత్రం తెర వెనక్కి వెళ్లిపోయాడు. అతనికీ కొన్ని షరతులున్నాయి.

మొదటిది, పారామీటర్లు లేని ఖాళీ కన్‌స్ట్రక్టర్. అవతలివైపు ముందు ఖాళీ టికెట్ ఒకటి సృష్టించి, తర్వాత ఒక్కొక్క ఫీల్డూ నింపుతారు. నంబర్, ఛార్జీ ఇస్తే తప్ప పుట్టనని క్లాస్ పట్టుబడితే కుదరదు. జావాలో చిక్కేమిటంటే, కన్‌స్ట్రక్టర్ ఏదీ రాయకపోతే ఖాళీది దానంతటదే వస్తుంది. ఒక్కటి రాయగానే ఆ ఉచితం పోతుంది. నిన్నటిదాకా నడిచిన సర్వీస్, సౌకర్యం కోసం ఇవాళ ఒక కన్‌స్ట్రక్టర్ చేర్చగానే లేవనంటే కారణం దాదాపు ఇదే.

రెండోది గెటర్, సెటర్ జత: ఫీల్డ్ విలువ చదివే మెథడ్, నింపే మెథడ్. జాక్స్‌బీ మామూలు పద్ధతిలో పబ్లిక్ ఫీల్డుల్ని, గెటర్ సెటర్ రెండూ ఉన్న ప్రాపర్టీల్ని మాత్రమే పట్టించుకుంటుంది. ప్రైవేట్ ఫీల్డుకి గెటర్ ఒక్కటే రాసి వదిలేస్తే ఎర్రర్ కూడా రాదు, ఆ ఫీల్డ్ కాగితం మీదికి ఎక్కదంతే. 'ఆబ్జెక్ట్ వస్తోంది, లోపల అంతా నల్' అనే ఫిర్యాదులో చాలాసార్లు దొంగ దొరికేది ఇక్కడే. యాక్సెసర్ టైప్ అనోటేషన్‌తో 'ఫీల్డుల్ని నేరుగా చూడు' అని చెబితే సెటర్ల బాధ తీరుతుంది. అయితే అప్పుడు గెటర్ మీద ఇంకో అనోటేషన్ మిగిలిపోతే ఒకే పేరుతో రెండు ప్రాపర్టీలున్నాయని గొడవ మొదలవుతుంది. ఏదో ఒక పద్ధతి మీద నిలబడాలి.

మూడోది ఇంటర్‌ఫేస్. మెథడ్ పారామీటర్‌గా 'చెల్లింపు' అనే ఇంటర్‌ఫేస్ ఇస్తే, ఇంటర్‌ఫేస్‌లని తాను సంభాళించలేనని జాక్స్‌బీ మొహం మీదే చెప్పేస్తుంది. న్యాయమే, ఇంటర్‌ఫేస్‌తో ఆబ్జెక్ట్ ఎలా సృష్టిస్తుంది? లిస్ట్ కూడా ఇంటర్‌ఫేసే గానీ దానికి ప్రత్యేక మర్యాద ఉంది. మ్యాప్‌కి ఆ మర్యాద సగమే. ఒక క్లాసులో ఫీల్డుగా ఉంటే ఎంట్రీ, కీ, వాల్యూ అనే ట్యాగులుగా వెళ్తుంది. నేరుగా పారామీటర్‌గా ఇస్తే మళ్లీ అదే ఇంటర్‌ఫేస్ ఎర్రర్. ఫీల్డుగా వెళ్లినా క్లయింట్ వైపు అది మ్యాప్‌గా పుట్టదు, ఎంట్రీల లిస్టున్న ఒక వింత క్లాసుగా పుడుతుంది. సీటు నంబర్‌కి ప్రయాణికుడి పేరు కట్టి పంపాలంటే మ్యాప్ కంటే, 'సీటు కేటాయింపు' అని రెండు ఫీల్డుల చిన్న క్లాస్ రాసి దాని లిస్ట్ పంపడం ఎప్పుడూ మేలు.

వారసత్వం కూడా ఇలాంటిదే. సర్వీస్ 'టికెట్' ఇస్తానని ప్రకటించి, లోపల 'స్లీపర్ టికెట్' ఇస్తే, జాక్స్‌బీకి ఆ పిల్ల క్లాస్ సంగతి ముందే తెలిసి ఉండాలి. సీ ఆల్సో అనే అనోటేషన్ అందుకే ఉంది. తల్లి క్లాస్ మీద పిల్లల జాబితా రాయాలి. తల్లికి పిల్లల పేర్లు తెలియకూడదన్నది ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పాఠం, ఇక్కడ తెలియకపోతే బండి కదలదు.

క్లయింట్ చేతిలో ఉన్నది ఎవరి టికెట్?

సర్వర్‌లోని క్లాసుల్ని చూసి డబ్ల్యూఎస్‌డీఎల్ ఫైల్, అంటే సర్వీస్ ఏం తీసుకుంటుందో ఏం ఇస్తుందో రాసిన ఒప్పందం, తయారవుతుంది. ఆ ఫైల్‌ని చూసి క్లయింట్ వైపు డబ్ల్యూఎస్ఇంపోర్ట్ అనే టూల్ క్లాసుల్ని కొత్తగా పుట్టిస్తుంది. పేరు అదే 'టికెట్', ప్యాకేజీ చాలాసార్లు వేరు. సర్వర్‌లో రాసిన 'రద్దు చెయ్యి' మెథడ్ ఇందులో ఉండదు. ఈక్వల్స్ రాసి ఉంటే అదీ ఉండదు కాబట్టి ఒకే నంబరున్న రెండు టికెట్లు ఇక్కడ సమానం కావు. తేదీ ఫీల్డ్ ఎక్స్ఎంఎల్ గ్రెగోరియన్ క్యాలెండర్ అనే చాంతాడంత పేరున్న టైపుగా మారిపోతుంది. లిస్టుకి సెటర్ ఉండదు, గెటర్ మాత్రమే ఉంటుంది. ఆ గెటర్‌తో లిస్ట్ తీసుకుని అందులోనే చేర్చాలి. సెటర్ ఏదని వెతుక్కుని కొత్తవాళ్లు కంగారుపడే చోటు ఇది.

ఈ పుట్టించిన క్లాసులు చూసి చిరాకుపడి చాలా టీములు ఒక అడ్డదారి తొక్కుతాయి. సర్వర్ జార్ (కంపైల్ చేసిన క్లాసుల కట్ట) తెచ్చి క్లయింట్‌లో పెట్టి, అసలు టికెట్ క్లాసునే వాడాలని చూస్తారు. తర్వాత ఎక్కడో 'టికెట్‌ని టికెట్‌గా క్యాస్ట్ చేయలేను' అనే అర్థం వచ్చే ఎర్రర్ కనబడి బుర్ర తిరుగుతుంది. పేరు ఒకటే, ప్యాకేజీలు రెండు, కాబట్టి అవి రెండు క్లాసులు. ఇద్దరూ ఒకే టీమ్, రెండు వైపులా జావాయే, రిలీజ్ కూడా ఒకేసారి అయితే జార్ పంచుకోవడంలో తప్పులేదు. కానీ అన్నీ అంత దగ్గరగా ఉన్నప్పుడు వాళ్లకి సోప్ ఎందుకన్నది అసలు అడగాల్సిన ప్రశ్న.

సొంత ఎక్సెప్షన్లదీ ఇదే తంతు. సర్వర్ 'టికెట్ లేదు' అనే ఎక్సెప్షన్ విసిరితే అది ఎక్సెప్షన్‌గా వెళ్లదు, సోప్ ఫాల్ట్ అనే ఎర్రర్ మెసేజ్‌లో ఒక వివరంగా వెళ్తుంది. క్లయింట్ వైపు ఆ వివరానికి ఒక బీన్ (ఫీల్డులు, గెటర్లు, సెటర్లే ఉండే క్లాస్), దాన్ని మోసే ఎక్సెప్షన్ ఒకటి, వెరసి రెండు క్లాసులు పుడతాయి. రెండింటికీ ఒకే పేరు పెట్టలేక రెండోదాని చివర అండర్‌స్కోర్ పెట్టి ఎక్సెప్షన్ అని అతికిస్తుంది టూల్. ఆ వికారమైన పేరు కోడ్‌లో కనబడితే ఎవరూ తప్పు చేసినట్టు కాదు.

లేదు, ఖాళీ, సున్నా

అన్నిటికంటే ఎక్కువ కాలం బయటపడకుండా ఉండే తప్పులు నల్ దగ్గరివి. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు, లెక్క మాత్రం తప్పుతుంది.

టికెట్‌లో 'రాయితీ' అనే ఫీల్డ్ ఉందనుకుందాం. దాన్ని ఇంట్ అని రాస్తే అది ఎప్పుడూ ఏదో ఒక అంకె చెప్పాల్సిందే. క్లయింట్ నింపడం మరిచిపోతే సున్నా వెళ్తుంది. రాయితీ లేదని చెప్పాడా, చెప్పడం మరిచిపోయాడా అన్నది సర్వర్‌కి తెలిసే దారి లేదు. ఇంటీజర్ అని రాస్తే నల్ కుదురుతుంది, నల్ అయితే ఆ ట్యాగే కాగితం మీద కనబడదు. ఇది మెరుగు. కాకపోతే స్కీమాలో (ఏ ట్యాగులుండాలో చెప్పే ఫైల్లో) అది ఐచ్ఛికం అని పడుతుంది, అక్కడ ఇంకో మెలిక ఉంది. పాత డాట్‌నెట్ టూల్స్ ఇలాంటి ఐచ్ఛిక అంకెకి రెండు ప్రాపర్టీలు పుట్టిస్తాయి: ఒకటి విలువ, రెండోది అదే పేరు చివర స్పెసిఫైడ్ అని ఉన్న బూలియన్. డాట్‌నెట్ డెవలపర్ రాయితీ 50 అని నింపుతాడు. రెండోదాన్ని ట్రూ చేయడం తెలియక వదిలేస్తాడు. దాంతో ఆ 50 కాగితం ఎక్కదు. జావా వైపు నల్ వస్తుంది. 'మేం పంపాం', 'మాకు రాలేదు' అని రెండు టీములూ మెయిళ్లు రాసుకుంటాయి. ఇద్దరూ చెప్పేది నిజమే.

లిస్టులది ఇంకో రకం. నల్ లిస్ట్ పంపినా, ఖాళీ లిస్ట్ పంపినా ట్యాగులు ఏమీ ఉండవు కాబట్టి కాగితం మీద రెండూ ఒకటే. పుట్టించిన క్లాసులోని గెటర్ నల్ ఉంటే తానే ఒక ఖాళీ లిస్ట్ చేసి ఇస్తుంది. 'ప్రయాణికుల జాబితా ఇంకా తెలీదు' అన్నదానికీ 'ప్రయాణికులు ఎవరూ లేరు' అన్నదానికీ తేడా కావాలంటే లిస్ట్ మీద ఆధారపడకూడదు, దానికి వేరే ఫీల్డ్ ఉండాలి.

జేసన్‌లో నల్ అని రాసి పంపడం, అసలు ఆ పేరే రాయకపోవడం వేర్వేరు. ఉన్న రికార్డులో కొన్ని ఫీల్డులే మార్చే ప్యాచ్ రిక్వెస్టుల్లో ఈ తేడా చాలా అవసరం: 'ఫోన్ నంబర్ తీసేయండి' ఒకటి, 'ఫోన్ నంబర్ జోలికి వెళ్లకండి' ఇంకొకటి. మామూలు జావా క్లాసులోకి వచ్చేసరికి రెండూ నల్‌గా కలిసిపోతాయి. కాగితం మీద ఉన్న సమాచారం ఆబ్జెక్టులోకి వచ్చాక పోయే అరుదైన సందర్భం ఇది.

ఆగస్టు 15 ఎలా 14 అయింది

పైన సుజాత పుట్టినతేదీ 1990-08-15. సర్వర్‌లో దాన్ని పాత డేట్ టైపులో ఉంచారనుకుందాం. పేరు డేట్ అయినా అది తేదీ కాదు, కాలంలో ఒక క్షణం. హైదరాబాద్‌లో నడిచే సర్వర్ దాన్ని 15వ తేదీ అర్ధరాత్రి 12 గంటల క్షణంగా దాచుకుంటుంది. భారత కాలమానం ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. కాబట్టి అదే క్షణం యూటీసీలో 14వ తేదీ సాయంత్రం 6:30.

ఇప్పుడు జాక్సన్ రంగంలోకి వస్తుంది. తేదీని ఏడాది, నెల, రోజు వరుసలో చూపించమని జేసన్ ఫార్మాట్ అనోటేషన్ పెడతారు. టైమ్‌జోన్ ఏదీ చెప్పరు. చెప్పకపోతే జాక్సన్ తీసుకునేది యూటీసీ, సర్వర్ ఉన్న ఊరు కాదు. గంటలు, నిమిషాలు రాయొద్దన్నారు కాబట్టి 6:30 తీసేసి 1990-08-14 అని రాస్తుంది. గంటలు కూడా చూపించి ఉంటే ఎవరో ఒకరు చూసి పసిగట్టేవాళ్లు. ఫార్మాట్ అందంగా ఉండబట్టే తప్పు కనబడకుండా పోయింది. సీనియర్ సిటిజన్ రాయితీ సరిగ్గా పుట్టినరోజున మొదలవ్వాలంటే ఈ ఒక్కరోజు తేడా డబ్బు తేడా అవుతుంది.

అనోటేషన్‌లో ఏషియా కోల్‌కతా అని టైమ్‌జోన్ చేర్చడం అందరూ చెప్పే మందు. పనిచేస్తుంది. కానీ అది నొప్పి తగ్గించే బిళ్ల, జబ్బు అలాగే ఉంటుంది. పుట్టినతేదీకి గంటా లేదు, టైమ్‌జోనూ లేదు. దానికి తగిన టైపు 2014లో జావా 8తో వచ్చిన లోకల్‌డేట్. దాన్ని వాడటానికీ కాస్త ఏర్పాటు కావాలి. జాక్సన్ 2 వెర్షన్లకి జావా టైమ్ మాడ్యూల్ జత చేయాలి. చేశాక కూడా, టైమ్‌స్టాంప్ సెట్టింగ్ ఆపకపోతే తేదీ 1990, 8, 15 అని మూడు అంకెల అర్రేగా వెళ్తుంది. స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్లకి ఇవి రెండూ ముందే అమర్చి ఉంటాయి. జాక్స్‌బీకి అయితే తేదీని స్ట్రింగ్‌గా, స్ట్రింగ్‌ని తేదీగా మార్చే అడాప్టర్ క్లాస్ రాయాలి. పది లైన్ల పని.

బస్ బయల్దేరే టైమ్ మాత్రం నిజంగానే ఒక క్షణం. దానికి టైమ్‌జోన్‌తో కూడిన టైపే కావాలి. రెండిటికీ ఒకే డేట్ వాడటం వల్లే సగం గందరగోళం.

జేసన్ వచ్చాక తగ్గినవీ, తగ్గనివీ

2008లో రెస్ట్ సర్వీసులు రాసే ఏర్పాటు జాక్స్-ఆర్‌ఎస్ వచ్చాక, ఆపైన స్ప్రింగ్ హవా మొదలయ్యాక కొత్త సర్వీసులు చాలావరకు రెస్ట్ (మామూలు వెబ్ అడ్రసులతోనే డేటా ఇచ్చిపుచ్చుకునే పద్ధతి), జేసన్ వైపు మళ్లాయి. డబ్ల్యూఎస్‌డీఎల్ గోల పోయింది. దాంతోపాటే కాగితం మీద ఏముండాలో రాసిపెట్టిన ఒప్పందం కూడా పోయింది. ఒప్పందం అవసరమని తెలిశాక ఓపెన్ఏపీఐ పేరుతో మళ్లీ తెచ్చుకున్నారు.

మీడియా టైపుకి (జేసన్, ఎక్స్ఎంఎల్ లాంటి రూపానికి) తగిన అనువాదకుడు క్లాస్‌పాత్‌లో లేకపోతే, జాక్స్-ఆర్‌ఎస్‌ని అమలు చేసే జెర్సీ 'మెసేజ్ బాడీ రైటర్ దొరకలేదు' అంటుంది. ఎర్రర్ చూసి తమ క్లాసులోనే ఏదో తప్పుందని గెటర్లు తిరగరాసేవాళ్లున్నారు. కావాల్సింది జాక్సన్‌ని జెర్సీకి కలిపే ఒక్క జార్. రిక్వెస్ట్ చదవడానికి అనువాదకుడు లేకపోతే క్లయింట్‌కి 415 (ఈ రూపం తీసుకోలేననే ఎర్రర్) వస్తుంది, అది కూడా చాలాసార్లు కంటెంట్ టైప్ హెడర్ మరిచిపోవడం వల్లే.

ఇంతకంటే మెత్తగా కోసేది బూలియన్. టికెట్‌లో 'ఈజ్‌కన్‌ఫర్మ్‌డ్' అని బూలియన్ ఫీల్డ్ పెడతారు. దానికి ఐడీఈ (కోడ్ రాసుకునే టూల్) రాసే గెటర్ పేరు కూడా అదే, సెటర్ పేరు 'సెట్‌కన్‌ఫర్మ్‌డ్'. జావాబీన్ రివాజు ప్రకారం 'ఈజ్' అన్నది పేరులో భాగం కాదు, ఉపసర్గ. అందుకని జేసన్‌లో ప్రాపర్టీ పేరు ఉత్త 'కన్‌ఫర్మ్‌డ్' అవుతుంది. అవతలివాళ్లు క్లాస్ చూసి 'ఈజ్‌కన్‌ఫర్మ్‌డ్' ట్రూ అని పంపుతారు. జాక్సన్ 2 మామూలుగా అయితే ఈ పేరు తనకి తెలీదని ఎర్రర్ ఇస్తుంది. స్ప్రింగ్ బూట్ ఆ పట్టింపుని ముందే ఆపేసి ఉంచుతుంది కాబట్టి అక్కడ చప్పుడు లేకుండా వదిలేస్తుంది. ఫీల్డ్ ఫాల్స్‌గానే ఉండిపోతుంది, టికెట్ కన్‌ఫర్మ్ కాదు. తెలియని పేర్లని వదిలేయడం మంచి గుణమే, లేకపోతే సర్వర్ ఒక కొత్త ఫీల్డ్ చేర్చగానే పాత క్లయింట్లన్నీ కూలిపోతాయి. ఆ మంచి గుణమే స్పెల్లింగ్ తప్పుల్ని కూడా దాచిపెడుతుంది. బయటినుంచి జవాబులు చదివే క్లయింట్‌లో వదిలేయడం, టెస్టుల్లో మాత్రం పట్టుబట్టడం మధ్యేమార్గం.

టికెట్ల లిస్ట్ తీసుకునేటప్పుడు జెనరిక్స్ దెబ్బ తగులుతుంది. 'లిస్ట్‌గా చదువు' అని మాత్రమే చెబితే, దేని లిస్టో జాక్సన్‌కి తెలీదు, ఎందుకంటే ఆ సమాచారం రన్‌టైమ్‌లో చెరిగిపోతుంది. చేసేదేం లేక ప్రతి టికెట్‌నీ ఒక లింక్డ్ హ్యాష్‌మ్యాప్‌గా చేసి ఇస్తుంది. లిస్ట్ సైజ్ సరిగ్గానే ఉంటుంది, ప్రింట్ చేసినా బాగానే కనిపిస్తుంది. మొదటి టికెట్ బయటికి తీసి వాడబోతేనే క్యాస్ట్ ఎర్రర్. జాక్సన్‌లో టైప్ రిఫరెన్స్, జాక్స్-ఆర్‌ఎస్‌లో జెనరిక్ టైప్ వాడి దేని లిస్టో విడమర్చి చెప్పాలి.

డేటాబేస్ క్లాసుని నేరుగా బయటికి పంపితే

సమయం తక్కువున్న ప్రాజెక్టుల్లో హైబర్నేట్ ఎంటిటీ క్లాసునే (డేటాబేస్ టేబుల్‌కి జతగా రాసిన క్లాసుని) వెబ్ సర్వీస్ నుంచి తిరిగి ఇచ్చేస్తారు. మొదటి వారం హాయిగా ఉంటుంది. ఆ తర్వాత టికెట్‌లో ప్రయాణికుడు, ప్రయాణికుడిలో టికెట్ల లిస్ట్, ప్రతి టికెట్‌లో మళ్లీ ప్రయాణికుడు. ఆబ్జెక్టులకి ఈ చక్రం సమస్య కాదు, కాగితానికి సమస్య. జాక్స్‌బీ చక్రం కనబడిందని చెప్పి ఆగిపోతుంది. జాక్సన్ పాత వెర్షన్లు స్టాక్ నిండేదాకా రాస్తూ పోయి ఇన్ఫినిట్ రికర్షన్ అంటాయి. అక్కడక్కడా ఇగ్నోర్ అనోటేషన్లు పెట్టి చక్రం తెంపుతారు. అప్పుడు లేజీ లోడింగ్, అంటే అడిగినప్పుడే డేటాబేస్ నుంచి తెచ్చే పద్ధతి, ఎదురవుతుంది. అనువాదకుడు ప్రతి గెటర్‌నీ తట్టుకుంటూ పోతాడు కాబట్టి, సెషన్ తెరిచి ఉంటే ప్రతి తట్టుకీ డేటాబేస్‌కి ఒక క్వెరీ, మూసేసి ఉంటే లేజీ ఇనిషియలైజేషన్ ఎర్రర్.

లోపలికి వచ్చే దారిలో ఇది సెక్యూరిటీ సమస్య. ఎంటిటీలో 'డబ్బు కట్టారు' అనే బూలియన్ ఉంటే, వెబ్ ఫారంలో ఆ గడి లేకపోయినా సరే, ఎవరైనా జేసన్‌లో ఆ పేరు రాసి ట్రూ అని పంపొచ్చు. అనువాదకుడికి ఫారం సంగతి తెలీదు, సెటర్ ఉందా లేదా అన్నదే చూస్తాడు. ఇంకా ప్రమాదకరమైంది, ఏ క్లాస్ సృష్టించాలో కూడా పంపేవాళ్లే జేసన్‌లో రాసే వీలు ఇవ్వడం. జాక్సన్‌లో డిఫాల్ట్ టైపింగ్ ఆన్ చేస్తే జరిగేది ఇదే. 2017లో సెక్యూరిటీ లోపాల జాబితాలో సీవీఈ-2017-7525 పేరుతో నమోదైన లోపం ఈ దారినే వచ్చింది. తయారుచేసిన జేసన్ పంపి సర్వర్ మీద కోడ్ నడిపించే వీలు కలిగింది.

అందుకే డీటీవో (డేటా ట్రాన్స్‌ఫర్ ఆబ్జెక్ట్) అనే విడి క్లాసు. బయటికి చెప్పదలచుకున్న ఫీల్డులు మాత్రమే ఉండే ఉత్త కాగితం లాంటి క్లాస్. ఎంటిటీ నుంచి దానిలోకి ఫీల్డులు కాపీ చేసే కోడ్ విసుగే, ఎవరూ కాదనరు. మూడు టేబుళ్ల చిన్న అంతర్గత టూల్‌కి అది అతి అవుతుంది కూడా. కానీ బయటి కంపెనీ వాడే సర్వీసుకి ఆ విసుగు తప్పించుకుంటే, రేపు డేటాబేస్‌లో ఒక కాలమ్ పేరు మార్చాలన్నా వాళ్ల అనుమతి అడగాల్సి వస్తుంది. జావా 16లో స్థిరపడిన రికార్డులు (డేటా మోయడానికే ఉండే చిన్న క్లాసులు) ఈ పనికి అచ్చంగా సరిపోతాయి. జాక్సన్ 2.12 నుంచి వాటిని నేరుగా అర్థం చేసుకుంటుంది, ఖాళీ కన్‌స్ట్రక్టర్ షరతు కూడా అక్కడ లేదు.

పాత కోడ్, కొత్త జావా

జావా 8 మీద ఏళ్లుగా నడిచిన సోప్ సర్వీసుని 11కి మార్చగానే జాక్స్‌బీ క్లాసులు దొరకడం లేదంటూ కూలడం చాలామంది చూసిందే. 2018లో వచ్చిన జావా 11 నుంచి జాక్స్‌బీ, జాక్స్-డబ్ల్యూఎస్ రెండింటినీ జేడీకే నుంచి తీసేశారు, విడిగా జార్లు చేర్చుకోవాలి. 2020లో జకార్తా ఈఈ (జావా ఈఈకి కొత్త పేరు) 9 వచ్చినప్పుడు ప్యాకేజీ పేర్లు జావాఎక్స్ నుంచి జకార్తాకి మారాయి. ఇక్కడ సూక్ష్మమైన మోసం ఒకటుంది. క్లాస్ మీద పాత ప్యాకేజీ అనోటేషన్లు, రన్‌టైమ్ మాత్రం కొత్తది అయితే అన్నీ కంపైల్ అవుతాయి. కొత్త రన్‌టైమ్ పాత అనోటేషన్లని గుర్తించదు, తిట్టదు కూడా. దాచమన్న ఫీల్డులు బయటికి వస్తాయి, పెట్టిన పేర్లు మారిపోతాయి.

ప్రశ్నార్థకాలు

తెలుగు పేర్లు మోసే సర్వీసులకి చివర్లో ఇంకో పరీక్ష ఉంది. 'సుజాత' యూనికోడ్‌లో ఐదు అక్షర సంకేతాలు, యూటీఎఫ్-8లో ఒక్కొక్కటీ మూడు బైట్లు, మొత్తం 15. ఎవరైనా కంటెంట్ లెంగ్త్ హెడర్‌ని స్ట్రింగ్ పొడవుతో లెక్కకట్టి రాస్తే ఇంగ్లిష్ పేర్లతో ఏళ్లపాటు నడుస్తుంది, మొదటి తెలుగు పేరుకి మెసేజ్ తోక తెగుతుంది. జావా 17 దాకా, స్ట్రింగ్‌ని బైట్లుగా మార్చేటప్పుడు ఏ ఎన్‌కోడింగో చెప్పకపోతే మెషీన్‌లో ఏదుంటే అది తీసుకునేది. డెవలపర్ ల్యాప్‌టాప్‌లో తెలుగు, సర్వర్‌లో చెత్త కనబడటానికి కారణం అదే. 2022లో వచ్చిన జావా 18 నుంచి డిఫాల్ట్ యూటీఎఫ్-8.

ఆ చెత్త ఎలా ఉందో చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. పేరు స్థానంలో తలమీద గీతలున్న లాటిన్ అక్షరాలు, డిగ్రీ గుర్తులు కలిసి పొడుగ్గా కనిపిస్తే, పంపినవాళ్లు యూటీఎఫ్-8లో సరిగ్గానే పంపారు, చదివినవాళ్లు ఐఎస్ఓ 8859-1 అనుకుని చదివారు. బైట్లు క్షేమం. మళ్లీ సరిగ్గా చదివితే సుజాత తిరిగొస్తుంది. అలా కాకుండా సరిగ్గా ఐదు ప్రశ్నార్థకాలు వరుసగా కనిపిస్తే, పంపేవైపే ఎవరో తెలుగు రాని ఎన్‌కోడింగ్‌లోకి మార్చారు, ప్రతి సంకేతం బదులు ఒక ప్రశ్నార్థకం నిజంగానే రాసేశారు. అది డేటాబేస్‌లోకి వెళ్లి కూర్చుంటే ఆ పేరు ఏమిటో మళ్లీ సుజాతనే అడగాలి.